పల్లాడియం గొట్టం: చల్లార్చడం వచ్చాకే వేడి చేయండి

మా నాన్న చిలకలపూడిలో గిల్టు నగలకు పూత వేసేవారు. మచిలీపట్నాన్ని ఆనుకుని ఉన్న ఆ ఊరి పేరు ఎత్తగానే చాలామందికి గుర్తొచ్చేది ఆ పనే: చవక లోహం మీద పలుచని బంగారు పూత. నేను చేసేదీ పూత పనే. పింగాణీలా తెల్లగా ఉండే అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) గొట్టం మీద పల్లాడియం అనే వెండిలా మెరిసే లోహపు పూత వేస్తాను. ఆ గొట్టాన్ని 400 డిగ్రీల సెల్సియస్ వేడిలో రకరకాల వాయువుల మధ్య ఉంచితే హైడ్రోజన్ ఒక్కటే గోడ దాటి లోపలికి వస్తుంది. తక్కినవి బయటే ఆగిపోతాయి. హైదరాబాద్‌లోని ఒక ప్రయోగశాలలో పదహారేళ్లుగా నా పని ఇదే. ఏటా కొత్తగా చేరే పిల్లలకు పక్కన నిలబడి చెప్పే సంగతులను ఇప్పుడు రాసి పెడుతున్నాను.

తయారీతో మొదలుపెట్టను. ఇలా వాయువును వేరుచేసే పూతను మేము పొర అంటాం. నేను చూసిన పొరల్లో పనిచేస్తూ పాడైనవి తక్కువ. వేడెక్కుతూనో చల్లారుతూనో పాడైనవే ఎక్కువ. అందుకని మొదట చల్లార్చడం గురించి చెబుతాను.

ఒక మే నెల రాత్రి

నేను సొంతంగా చేసిన మూడో గొట్టం అది. ఏడు వారాల పని. 400 డిగ్రీల దగ్గర రెండు రోజులుగా చక్కగా నడుస్తోంది. రాత్రికి అలాగే వదిలి ఇంటికి వెళ్లాను. గాలివాన వచ్చి కరెంటు పోయింది. జనరేటర్ లైట్లను అందుకుంది కానీ మా ఫర్నేస్ ఉన్న గోడ సాకెట్‌ను అందుకోలేదు. ఫర్నేస్ చల్లారుతూ పోయింది. సిలిండర్ నుంచి హైడ్రోజన్ మాత్రం సూది వాల్వు గుండా వస్తూనే ఉంది. పొద్దున వచ్చి నైట్రోజన్ పెట్టి చూస్తే, గోడ దాటి ఎంత వాయువు వస్తోందో చూపే గాజు మీటరులో సబ్బు బుడగలు ఒకదాన్నొకటి తరుముకుంటూ పైకి ఎగిశాయి. నైట్రోజన్ దాటకూడని గోడ అది. గొట్టాన్ని బయటికి తీసి భూతద్దంలో చూశాను. వెండిలా మెరవాల్సిన పూత మీద ఎండిన చెరువు మట్టిలో లాగా నెర్రెలు.

కారణం ఇది. హైడ్రోజన్ అణువు పల్లాడియం ఉపరితలం మీద రెండు పరమాణువులుగా విడిపోతుంది. అవి లోహపు పరమాణువుల మధ్య ఖాళీల్లో ఒక చోటి నుంచి మరో చోటికి జరుగుతూ అవతలి ముఖం చేరి మళ్లీ జంట కడతాయి. వేడి మీద ఆ పరమాణువులు లోహమంతటా ఒకేలా సర్దుకుంటాయి. శుద్ధ పల్లాడియం సుమారు 295 డిగ్రీల కిందికి దిగితే అలా సర్దుకోలేవు. హైడ్రోజన్ తక్కువున్న భాగం, బాగా ఎక్కువున్న భాగం అని లోహం రెండుగా చీలుతుంది. ఎక్కువున్న చోట పరమాణువుల అల్లిక 3.89 ఆంగ్‌స్ట్రామ్‌ల నుంచి 4.03 దాకా సాగుతుంది (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు). ఘనపరిమాణంలో అది దాదాపు 11 శాతం. పక్కపక్కనే ఉన్న రెండు రేణువుల్లో ఒకటి ఉబ్బి, రెండోది ఉబ్బకపోతే మధ్యలో ఉన్న అంచు చిరుగుతుంది. అడుగున ఉన్న గొట్టం కదలదు కాబట్టి పూతకు తప్పించుకునే దారి లేదు.

అందుకే మా బల్ల మీది నియమం ఇది: 320 డిగ్రీల కింద గొట్టానికి లోపలగానీ బయటగానీ హైడ్రోజన్ ఉండకూడదు. వేడి చేసేటప్పుడు రెండు వైపులా నైట్రోజన్. చల్లార్చేటప్పుడు ముందు హైడ్రోజన్ ఆపి, 400 దగ్గరే రెండు వైపులా నైట్రోజన్ పంపుతూ కనీసం ఒక గంట ఉంచి, ఆ తర్వాతే వేడి తగ్గించడం. బయటి వైపు నైట్రోజన్‌తో కడిగి లోపలి వైపు మరిచిపోవడం కొత్తవారు చేసే తప్పు. లోపల నిలిచిపోయిన హైడ్రోజన్ చాలు పూతను పాడుచేయడానికి.

ఆ రాత్రి తర్వాత నేను చేయించిన మొదటి మార్పు రెండు వాల్వులు. హైడ్రోజన్ దారిలో కరెంటు పోతే దానంతట అదే మూసుకునేది, నైట్రోజన్ దారిలో కరెంటు పోతే దానంతట అదే తెరుచుకునేది. నైట్రోజన్ దారి బయటి వైపుకూ లోపలి వైపుకూ చీలి వెళ్లాలి. మందపాటి ఇటుకల ఫర్నేస్ 400 నుంచి 300కు దిగడానికి తీసుకునే సమయంలో ఆ నైట్రోజన్ గొట్టాన్ని కడిగేస్తుంది. మీరు కొత్తగా అమర్చుకుంటున్నట్టయితే పల్లాడియం లవణం కొనకముందే ఈ రెండు వాల్వులు కొనండి.

గొట్టం, దాని శుభ్రత

మేము వాడేది ఒక సెంటీమీటరు వ్యాసం ఉన్న సచ్ఛిద్ర అల్యూమినా గొట్టం. బయటి ముఖం మీద రంధ్రాలు 0.1 నుంచి 0.2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మధ్యలో 10 సెంటీమీటర్ల మేర పూత వేస్తాం. రెండు కొసలకూ గాజు పూసి కాల్చి రంధ్రాలు మూసేస్తాం. కొసలను ఎందుకు వదిలేస్తామంటే, అవి ఫర్నేస్ బయట చల్లగా ఉండే చోటికి వస్తాయి. అక్కడిదాకా పల్లాడియం ఉంటే, ఫర్నేస్ 400లో ఉన్నా ఆ కొస 200లోనే హైడ్రోజన్‌ను తాగి చిట్లుతుంది. కాబట్టి ముందు మీ ఫర్నేస్‌లో వేడి ఎక్కడిదాకా సమంగా ఉందో చూడండి. థర్మోకపుల్‌ను (వేడి కొలిచే తీగను) 2 సెంటీమీటర్ల చొప్పున జరుపుతూ కాగితం మీద రాసుకోండి. ముప్పై సెంటీమీటర్ల ఫర్నేస్‌లో నిజంగా సమంగా ఉండేది మధ్యలోని కొద్ది భాగమే. పూత ఆ భాగం దాటకూడదు.

స్టీలు గొట్టాలూ ఉన్నాయి. వెల్డింగుకు అనువు, కింద పడితే పగలవు. కానీ వాటి రంధ్రాలు పెద్దవి, అన్నీ ఒకే కొలతలో ఉండవు. పూత మందం అతి పెద్ద రంధ్రానికి దాదాపు మూడింతలుంటే తప్ప లీకు ఆగదు. పైగా 500 దాటితే స్టీలులోని ఇనుము, క్రోమియం, నికెల్ పైకి పాకి పల్లాడియంలో కలిసిపోతాయి. దానికి అడ్డుగా ముందే గొట్టాన్ని గాలిలో 400 నుంచి 500 డిగ్రీల మధ్య కాల్చి ఆక్సైడ్ పొర తెప్పిస్తారు. మొదటి గొట్టానికి అల్యూమినానే తీసుకోండి.

శుభ్రతకు నాన్న దగ్గర చింతపండు ఉండేది, కుంకుడు రసం ఉండేది, వేలు ఆనించకుండా పట్టుకునే చిమటా ఉండేది. "పూత ఊడిందంటే తప్పు పూతది కాదమ్మా, అడుగుది" అనేవారు. మా దగ్గర పలుచని క్షారం, ఆ తర్వాత అయాన్లు తీసేసిన నీరు, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఆఖరున 120 డిగ్రీల ఓవెన్. చిమటా మాత్రం మారలేదు. వేలి జిడ్డు అంటిన చోట పూత పొక్కులా లేస్తుంది. ఆరిన గొట్టాన్ని నాలుగు దశాంశాల దాకా తూచి రాసుకోండి, ఆ అంకెతో తర్వాత పని ఉంది.

పూత

అల్యూమినా విద్యుత్తును మోయదు కాబట్టి కరెంటు పెట్టి పూత వేయడం కుదరదు. రసాయనం చేతనే వేయించాలి. దానికి ముందు, పూత పట్టుకోవడానికి గొట్టం మీద పల్లాడియం విత్తులు, అంటే అతి సన్నని రేణువులు, చల్లాలి. రెండు గిన్నెలు పెట్టుకోండి. ఒకదాన్లో లీటరుకు 1 గ్రాము స్టానస్ క్లోరైడ్ (తగరపు లవణం), రెండోదాన్లో లీటరుకు 0.1 గ్రాము పల్లాడియం క్లోరైడ్, రెండింటిలోనూ కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మొదటిదాన్లో అయిదు నిమిషాలు, నీళ్లలో కడుగు, రెండోదాన్లో అయిదు నిమిషాలు, బాగా పలుచని ఆమ్లంలో కడుగు, మళ్లీ నీళ్లు. ఇది ఒక చుట్టు. నాలుగైదు చుట్లకు తెల్లని గొట్టం టీ మరక రంగు నుంచి ముదురు గోధుమ రంగుకు వస్తుంది. రంగు అంతటా ఒకేలా ఉండాలి. లేత మచ్చ కనిపిస్తే అక్కడ రేపు రంధ్రం ఉంటుంది, ఇంకొక చుట్టు తిప్పండి.

పూత ద్రావణం లీటరు లెక్కన చెబుతున్నాను: టెట్రా అమైన్ పల్లాడియం క్లోరైడ్ 4 గ్రాములు, లోహపు అయాన్లను పట్టి ఉంచే ఈడీటీఏ సోడియం లవణం 40 గ్రాములు, గాఢ అమ్మోనియా ద్రావణం 200 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ, తక్కినది నీరు. పీహెచ్ 10, 11 మధ్య ఉంటుంది. మన గొట్టం మీద పూత వేసే వైశాల్యం 31 చదరపు సెంటీమీటర్లు, దానికి 110 మిల్లీలీటర్లు చాలు. నీటి తొట్టెలో 60 డిగ్రీలకు తెచ్చి, గొట్టం కొసలు మూసి నిలువుగా దించి, చివరగా, లవణంలోని పల్లాడియంను లోహంగా మార్చే హైడ్రజీన్‌ను పలుచన చేసి కలపాలి. హైడ్రజీన్ విషం, క్యాన్సర్‌కు కారణమయ్యే పదార్థం. ఈ పనంతా పొగ లాగే అర కిందే, చేతులకు నైట్రైల్ గ్లౌజులతోనే చేయాలి. "ఒక్క నిమిషమే కదా" అనే మాట మా గదిలో ఎవరినీ అననివ్వను.

హైడ్రజీన్ పడగానే ఏం జరుగుతుందో కళ్లు తిప్పకుండా చూడండి. గోధుమ రంగు బూడిద రంగవుతుంది. పావుగంటలో ఆ బూడిద మీద ఎక్కడో ఒక చోట తెల్లని మెరుపు వచ్చి, కిందికీ పైకీ పాకుతుంది. గొట్టానికి ఆవగింజలో పదో వంతు బుడగలు అంటుకుంటాయి. అవి నైట్రోజన్ బుడగలు, హైడ్రజీన్ తన పని చేశాక మిగిలేది అదే. బుడగ అంటుకుని నిలిచిన చోట పూత పడదు. అందుకని గొట్టాన్ని నెమ్మదిగా తిప్పుతూనే ఉండాలి. మోటారు లేకపోతే చేత్తో, రెండు నిమిషాలకొకసారి పావు చుట్టు. హైడ్రజీన్ మొత్తం ఒకేసారి పోస్తే ద్రావణం విరిగిపోతుంది. నల్లని నలకలు తేలుతాయి, పల్లాడియం గొట్టం మీద కాకుండా గిన్నె అడుగున దిగుతుంది. రెండు మూడు విడతల్లో పోయండి.

గంట, గంటన్నరకు ఒక ద్రావణం అయిపోతుంది. కడిగి, ఆరబెట్టి, తూచండి. పెరిగిన బరువును వైశాల్యంతోనూ పల్లాడియం సాంద్రత 12.02తోనూ భాగిస్తే మందం వస్తుంది. మనకు కావలసిన 10 మైక్రాన్లకు లెక్క 0.38 గ్రాములు. కంసాలి తూకంలో మూడు గురివింద గింజల ఎత్తు. ఒక్కో ద్రావణంలో ఉండే పల్లాడియం 0.18 గ్రాములే, అందులోనూ అంతా దిగదు. కాబట్టి మూడు ద్రావణాలు పడతాయి.

లీకు చూడటం

తడి గొట్టాన్ని పరీక్షించి మోసపోకండి. సన్నని రంధ్రాల్లో నీరు ఇరుక్కుని వాయువును ఆపేస్తుంది, లీకు లేనట్టే కనిపిస్తుంది. 120 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరాకే చూడాలి.

మొదట ముతక పరీక్ష. ఒక కొస మూసి, రెండో కొస నుంచి అర బార్ (మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి దాదాపు ఒక బార్) ఎక్కువ ఒత్తిడితో నైట్రోజన్ పంపి, గొట్టాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచండి. ఒకే చోట నుంచి వరసగా బుడగలు వస్తే ఆ రంధ్రం సుమారు 2 మైక్రాన్ల కంటే పెద్దది. ఇంతకంటే ఎక్కువ ఒత్తిడి పెట్టకండి, లోపలి నుంచి తోస్తే పూత లేస్తుంది. ఆ చోటు గుర్తు పెట్టుకుని, మరోసారి ద్రావణంలో దించేటప్పుడు గొట్టం లోపల వాక్యూమ్ పెట్టండి. ద్రావణం రంధ్రంలోకి లాగబడి అక్కడే పల్లాడియం పడుతుంది. నాకు చాలా గొట్టాలు ఈ ఉపాయంతోనే దక్కాయి.

సన్నని పరీక్ష, గొట్టాన్ని ఫర్నేస్‌లో బిగించాక, 400 దగ్గర. బయట నైట్రోజన్ 4 బార్, లోపల 1 బార్ పెట్టి, లోపలి నుంచి ఎంత వస్తోందో సబ్బు బుడగ మీటరులో చూడటం. నిమిషానికి 2 మిల్లీలీటర్ల లోపు ఉంటే ముందుకు వెళ్లండి.

బిగించడానికి గ్రాఫైట్ రింగులు వాడతాం. గాజు పూసిన కొసల మీదే బిగించాలి. పూత మీద బిగిస్తే ఆ నొక్కుకే పూత తెగుతుంది. చేత్తో బిగించాక స్పానర్‌తో ఎంత తిప్పాలో మాటల్లో చెప్పలేను. పగిలిన గొట్టం ముక్క ఒకటి తీసుకుని, అది పటుక్కుమనే దాకా ఒకసారి బిగించి చూడండి. ఆ తర్వాత మీ మణికట్టుకే తెలుస్తుంది.

వేడి, హైడ్రోజన్, ఒక లెక్క

నైట్రోజన్‌లో నిమిషానికి 2 డిగ్రీల చొప్పున ఎక్కండి. వేడికి పల్లాడియం అల్యూమినా కంటే ఎక్కువ సాగుతుంది, స్టీలు కంటే తక్కువ సాగుతుంది. ఏ గొట్టమైనా తొందర పనికిరాదు. 400 చేరి అరగంట నిలిచాక నైట్రోజన్ తగ్గిస్తూ హైడ్రోజన్ పెంచండి. బయటికి వచ్చే వాయువు భవనం పైకప్పు దాటి పోవాలి, గదిలో హైడ్రోజన్ అలారం ఉండాలి. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం వరకు హైడ్రోజన్ అంటుకుంటుంది. పల్లాడియం మంచి ఉత్ప్రేరకం కాబట్టి హైడ్రోజన్, గాలి కలిసి దాన్ని తాకితే అగ్గిపుల్ల అక్కర్లేదు.

ఎంత రావాలి? శుద్ధ పల్లాడియం, 10 మైక్రాన్లు, 400 డిగ్రీలు, బయట 4 బార్, లోపల 1 బార్: మన గొట్టానికి నిమిషానికి దాదాపు 2 లీటర్లు. అల్యూమినా గోడ కూడా కొంత అడ్డుపడుతుంది కాబట్టి చేతికి వచ్చేది ఇంతకంటే తక్కువే ఉంటుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది ఒత్తిడి కాదు, ఒత్తిడి వర్గమూలం. హైడ్రోజన్ పరమాణువులుగా విడిపోయి కరుగుతుంది కాబట్టి అలా. దీన్ని సీవర్ట్స్ నియమం అంటారు. 4 వర్గమూలం 2, అందులోంచి 1 తీస్తే 1. దీనికి రెట్టింపు రావాలంటే 8 బార్ చాలదు, 9 బార్ కావాలి. రెండు మూడు ఒత్తిళ్ల దగ్గర కొలిచి వర్గమూలంతో గీత గీయండి. గీత వంకర లేకుండా తిన్నగా వస్తే పొర పనిచేస్తోంది. వర్గమూలంతో కాకుండా ఒత్తిడితోనే సమంగా పెరుగుతుంటే రంధ్రాన్నో, అల్యూమినా అడ్డునో, ఉపరితలపు మురికినో అనుమానించండి.

హైడ్రోజన్ 2 లీటర్లు, నైట్రోజన్ 2 మిల్లీలీటర్లు అయితే వెయ్యికి ఒకటి. మొదటి గొట్టానికి ఈ అంకె వస్తే సంతోషంగా ఇంటికి వెళ్లండి.

పల్లాడియం హైడ్రోజన్‌ను పీల్చుకునే తీరును 1866లో లోకానికి చెప్పిన థామస్ గ్రాహం అప్పుడు లండన్‌లో నాణేల టంకసాలకు అధిపతి. లోహంతో రోజూ చేతులు కలిపే చోటి నుంచే ఈ శాస్త్రం మొదలైందని తెలిసినప్పుడు నాన్నకు ఫోను చేసి చెప్పాను.

రియాక్టర్‌లో పెట్టినప్పుడు

మా గొట్టం చుట్టూ ఉండేది రుథేనియం (అమ్మోనియాను విడగొట్టే ఉత్ప్రేరకం) పూసిన అల్యూమినా గుళికలు, వాటి గుండా వెళ్లేది అమ్మోనియా. అది విడిపోతే మూడు పాళ్లు హైడ్రోజన్, ఒక పాలు నైట్రోజన్. కాకినాడ తీరంలో హరిత అమ్మోనియా (సౌర, పవన విద్యుత్తు లాంటి వాటితో చేసే అమ్మోనియా) గురించి మాట్లాడుకుంటున్న ఈ రోజుల్లో, ఓడలో వెళ్లిన అమ్మోనియా నుంచి అవతలి రేవులో హైడ్రోజన్‌ను మళ్లీ ఎలా తీస్తారన్నది నాకు చాలా దగ్గరి ప్రశ్న. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ శాస్త్రవేత్తలు 2018లో వనేడియం పొరతో అమ్మోనియా నుంచి తీసిన హైడ్రోజన్‌తో కార్లు నడిపి చూపారు. వనేడియం పల్లాడియం కంటే చవక, హైడ్రోజన్‌ను ఇంకా వేగంగా దాటిస్తుంది. అయితే దాని ముఖం మీద ఆక్సైడ్ పట్టేస్తుంది కాబట్టి రెండు వైపులా పలుచని పల్లాడియం పూత తప్పదు.

గుళికలు పూతను రుద్దకూడదు. గొట్టం చుట్టూ సన్నని స్టీలు జాలీ పెట్టి, జాలీకీ పూతకూ మధ్య రెండు మిల్లీమీటర్లు వదలండి. ఇంకో పొరపాటు: పొర హైడ్రోజన్‌ను తనంతట తానే లాగేస్తుందని అనుకోవడం. బయట హైడ్రోజన్ వాటా ఒత్తిడి (మొత్తం ఒత్తిడిలో హైడ్రోజన్ వంతు) లోపలి కంటే ఎక్కువ ఉన్నంతసేపే అది దాటుతుంది. 5 బార్ దగ్గర పూర్తిగా విడిపోయిన అమ్మోనియాలో హైడ్రోజన్ వాటా 3.75 బార్. అది దాటుతూ దాటుతూ మిశ్రమంలో 20 శాతానికి తగ్గితే వాటా 1 బార్. లోపల కూడా 1 బారే ఉంటే అక్కడితో ఆగిపోతుంది. గొట్టం ఎంత పొడుగున్నా 100 పాళ్లలో 92 దాటి రావు. మిగిలినది కావాలంటే బయట ఒత్తిడి పెంచాలి, లేదా లోపల వాక్యూమ్ పెట్టాలి.

మీథేన్‌తో పనిచేసేవారికి లాభం ఇంకా ఎక్కువ. 800, 900 డిగ్రీలు అడిగే ఆవిరి చర్య (మీథేన్, నీటి ఆవిరి కలిసి హైడ్రోజన్ ఇచ్చేది), పుట్టిన హైడ్రోజన్‌ను వెంటవెంటనే తీసేస్తుంటే 500, 550 దగ్గరే ముందుకు సాగుతుంది. వారికి రెండు జాగ్రత్తలు. ఆవిరి ముందు, మీథేన్ తర్వాత. ఆపేటప్పుడు మీథేన్ ముందు, ఆవిరి తర్వాత. ఈ వరస తప్పితే పూత మీద మసి పడుతుంది. రెండోది గంధకం. పైపుల్లో వచ్చే గ్యాసుకు వాసన కోసం కలిపేది గంధక పదార్థమే. అది కొద్దిగా చేరినా పల్లాడియం సల్ఫైడ్‌గా మారి హైడ్రోజన్ ఆగిపోతుంది. ముందు గంధకాన్ని పట్టేసే జింక్ ఆక్సైడ్ గుళికల గుండా పంపాలి.

వెండి కలిపితే ఏమవుతుందని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. బరువులో 23 శాతం వెండి ఉంటే హైడ్రోజన్ శుద్ధ పల్లాడియంలో కంటే ఎక్కువే దాటుతుంది, ఆ నెర్రెల భయమూ చాలా తగ్గుతుంది. పల్లాడియం మీద వెండి పూసి, రెండూ కలిసిపోయేలా 550 దగ్గర చాలా గంటలు కాల్చాలి. అది రెండో ఏడాది పని. శుద్ధ పల్లాడియం గొట్టాన్ని పదిసార్లు వేడి చేసి, పదిసార్లు చల్లార్చి, నైట్రోజన్ అంకె పెరగకుండా చూపించినవారికే మా దగ్గర వెండి సీసా ఇస్తాను.

పాడైన గొట్టాలను, విరిగిన ద్రావణాలను, వడపోత కాగితాలను పారేయకండి. బీరువా కింది అరలో మూతపెట్టిన డబ్బా ఒకటి ఉంది, దాని మీద నా చేతిరాతే ఉంటుంది. చిలకలపూడిలో కొట్టు ఊడ్చిన మట్టిని కూడా కడిగి బంగారం తీసేవారు. మనం ఏడాదికొకసారి ద్రవరాజంలో (నత్రికామ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో) కరిగించి, పల్లాడియంను మళ్లీ లవణంగా మార్చుకుంటాం. ఆ మే నెల గొట్టం మీది మూడు గురివింద గింజల ఎత్తు కూడా అలాగే తిరిగి వచ్చి, నాలుగో గొట్టం మీద పూత అయింది.